తెలుగు వాక్యానికి మొదలు గుర్తు ఏది?

తెలుగులో విరామ చిహ్నాల ప్రస్తావన వచ్చినప్పుడల్లా రెండు మాటలు వినబడతాయి. ఇవి మనవి కావు, అచ్చుయంత్రంతో పాటు సీమ నుంచి దిగినవి అన్నది ఒకటి. ఏమైనా ఇప్పుడు ఇవి లేకుండా వాక్యం అర్థం కాదు అన్నది రెండవది. మొదటి మాటతో నాకు తగాదా లేదు. రెండవదానితోనే పేచీ. నెల్లూరులో ఒక చిన్న అచ్చాఫీసుకు ప్రూఫులు చూసిపెట్టే పని చాలాకాలంగా చేస్తున్నవాడిని కాబట్టి, కామా తీసేసినా చెక్కుచెదరని వాక్యాలూ, అన్ని చుక్కలూ పద్ధతిగా ఉన్నా తలాతోకా తెలియని వాక్యాలూ రోజూ నా చేతి కింద నుంచి పోతూనే ఉంటాయి. వాటిని దిద్దగా దిద్దగా నాకు కుదిరిన అభిప్రాయం ఇది: తెలుగు వాక్యం తన ముగింపును తానే చెప్పుకుంటుంది, దానికి బయటి గుర్తు అవసరం అంతగా లేదు, చెప్పుకోలేనిది మొదలు. మనం అరువు తెచ్చుకున్న గుర్తులు దాదాపు అన్నీ ముగింపులకు కాపలా కాసేవి. మొదళ్ళను చూపే పద్ధతులు మనకు ఒకప్పుడు ఉండేవి, వాటిని ఒక్కొక్కటిగా వదిలేసుకున్నాం.

ఈ గుర్తులు ఎందుకు పుట్టాయో చూస్తే అవి ముగింపు వైపే ఎందుకు మొగ్గాయో తెలుస్తుంది. క్రీస్తుకు పూర్వం 200 ప్రాంతంలో అలెగ్జాండ్రియా గ్రంథాలయాన్ని చూసుకున్న బైజాంటియం అరిస్టోఫనీస్ గ్రీకు రాతలో మూడు ఎత్తుల్లో చుక్కలు పెట్టే పద్ధతి తెచ్చాడు. పూర్తిగా ఆగవలసిన చోట చుక్క పైన ఉంటుంది, అంతకన్నా తక్కువగా ఆగవలసిన చోట మధ్యలోనో అడుగునో ఉంటుంది. చదవడమంటే పదిమంది ముందు గొంతెత్తి చదవడమే అయిన కాలం అది. ఎక్కడ ఊపిరి తీసుకోవాలో చెప్పడమే ఆ చుక్కల పని. కామా, కోలన్ అనే పేర్లు మొదట్లో గుర్తులవి కానే కావు, అలా ఆగి ఆగి చదివే ముక్కలవి: తెగిన తునక ఒకటి, అవయవం ఒకటి. ముక్క పేరు కాలక్రమాన ముక్క చివరి చుక్కకు అంటుకుంది. సెమీకోలన్ చాలా తరువాతిది, 15వ శతాబ్ది చివర వెనిస్‌లో ఆల్డస్ మనూటియస్ అచ్చుశాలలో రూపు దిద్దుకున్నది. వీటన్నింటి మూలంలోనూ ఉన్న ప్రశ్న ఒక్కటే, ఎక్కడ ఆగాలి అని.

తెలుగు చదువరికి ఈ ప్రశ్నకు జవాబు భాషలోనే ఉంది. సమాపక క్రియ వచ్చిందంటే వాక్యం అయిపోయింది. చేసి, చేస్తూ, చేస్తే, చేసినా అన్నంతవరకు ఇంకా నడుస్తోంది. చేశాడు అనగానే ఆగింది. ప్రశ్న అయితే చివర ‘ఆ’ చేరుతుంది: వచ్చాడా, తిన్నావా. లేదంటే ఎవరు, ఎక్కడ, ఎందుకు అన్న మాట ముందే వచ్చి ఉంటుంది. సందేహానికీ ఆశ్చర్యానికీ ‘ఓ’ ఉంది: వస్తాడో రాడో, ఎంత బాగుందో. పేర్లు వరసగా చెప్పాలంటే చివరి అచ్చును సాగదీస్తాం, అమ్మా నాన్నా తమ్ముడూ అని. ఇన్ని చెప్పాక కూడా ప్రశ్నార్థకం పెట్టడం మర్యాద కోసమే గానీ అర్థం కోసం కాదు. ‘నువ్వూ వస్తున్నావు?’ అని గొంతు పైకి లేపి అడిగే తీరును కాగితం మీద చూపాలంటే మాత్రం అది కావాలి. నాటకాల్లో, కథల్లో సంభాషణలకు దాని విలువ తక్కువది కాదు. ఆశ్చర్యార్థకానికి ఆ మాత్రం సమర్థన కూడా నాకు దొరకలేదు. మూడేసి ఆశ్చర్యార్థకాలు నిలబెట్టిన ప్రకటనల్లో ఆశ్చర్యం ఎక్కడుందో వెతుక్కోవాలి.

చుక్కకు న్యాయంగా ఇవ్వవలసింది ఒకటుంది. మనకు క్రియ లేని వాక్యాలు ఉన్నాయి. ‘ఆయన మా మేనమామ ఊరు కావలి’ అని రాస్తే, కావలి మేనమామ ఊరా, లేక మేనమామే అయిన ఆయన ఊరా అన్నది తేలదు. ‘ఆయన మా మేనమామ. ఊరు కావలి.’ అంటే తేలింది. ఇటువంటి చోట్ల చుక్క నిజంగా పని చేస్తుంది, దాని జీతం దానికి ఇవ్వాలి.

ఇక మొదళ్ళ సంగతి. ‘సోమవారం డబ్బు ఇస్తానని చెప్పాడు’ అన్న వాక్యం తీసుకోండి. చెప్పింది సోమవారమా, ఇస్తానన్నది సోమవారమా? అప్పు ఇచ్చినవాడికీ పుచ్చుకున్నవాడికీ మధ్య తగవు పెట్టడానికి ఈ ఒక్క వాక్యం చాలు. అవతలివాడి మాట ఎక్కడ ముగిసిందో ‘అని’ చెప్పేసింది, అందులో సందేహం లేదు. ఎక్కడ మొదలైందన్నదే లేదు. ‘రంగయ్య నిన్న ఇంటికి వచ్చి డబ్బు అడిగాడని చెప్పాడు’ అంటే ఇంకా చిక్కు: ఇంటికి వచ్చినవాడు రంగయ్యా, రంగయ్య చెబుతున్న మరొకడా? ఇంగ్లీషులో చెప్పినవాడు ముందు వస్తాడు, చెప్పిన మాట వెనక వస్తుంది, మధ్యలో ఉన్న క్రియే గడపలాగా నిలుస్తుంది. మనకు క్రియ చివరికి పోతుంది, చెప్పినవాడు ఒక కొసన, చెప్పాడు అన్న మాట మరో కొసన, మధ్యలో ఉన్నదంతా ఎవరి మాటో పోల్చుకోవలసిన భారం చదివేవాడిది.

దీనికి కొటేషన్ మార్కులు ఉన్నాయి కదా అంటారు. ఉన్నాయి, సగం పనికి వస్తాయి. తెరిచే గుర్తు బంగారం, మూసే గుర్తు తలనొప్పి. ‘సోమవారం డబ్బు ఇస్తాన’ని అని కంపోజు చేసి పంపిన ప్రూఫు చూస్తే ఎవరికైనా తెలుస్తుంది. ఇస్తాను, అని అన్న రెండు మాటలూ సంధిలో కలిసిపోయి, ఉకారం ఎగిరిపోయి, చెప్పినవాడి మాట ఎక్కడో నకారం నడిమధ్య ముగుస్తోంది. అక్కడ గుర్తు పెడితే మాట రెండు ముక్కలై ‘ఇస్తాన’ అన్న వికలాంగ రూపం ఒకవైపు, ‘ని’ అన్న అనాథ మరోవైపు మిగులుతాయి. సంధి విడదీసి ‘ఇస్తాను’ అని రాస్తే అచ్చు బాగానే ఉంటుంది గానీ ఎవరూ అలా పలకరు. మూసే గుర్తు మన భాషలో కుదురుకోకపోవడానికి కారణం అది చేయవలసిన పనిని ‘అని’ ముందే చేసి పెట్టడం. అందుకని నేను దిద్దే ప్రూఫుల్లో, రచయిత అడ్డుచెప్పకపోతే, కొటేషన్లు తీసి మొదట్లో ఒక కామా పెడతాను. ‘సోమవారం, డబ్బు ఇస్తానని చెప్పాడు’ అంటే చెప్పింది సోమవారం. ‘అతను, సోమవారం డబ్బు ఇస్తానని చెప్పాడు’ అంటే ఇచ్చేది సోమవారం. ఇంగ్లీషు వ్యాకరణం చదివినవాళ్ళు కర్త వెనక కామా ఏమిటని ముఖం చిట్లిస్తారు. అది ఆగమని చెప్పే కామా కాదు, ఇక్కడ నుంచి అవతలివాడి మాట అని చెప్పే కామా.

ధాతుజ విశేషణాలతో, అంటే క్రియ నుంచి పుట్టిన ‘వచ్చిన’, ‘గాయపడిన’ వంటి విశేషణాలతో, వచ్చే చిక్కు ఇటువంటిదే, వార్తల్లో దీని బాధ ఇంకా ఎక్కువ. ‘ప్రమాదంలో గాయపడిన డ్రైవరు తమ్ముడు ఆసుపత్రిలో ఉన్నాడు’ అంటే గాయపడింది ఎవరు? డ్రైవరా, తమ్ముడా? ‘గాయపడిన’ అన్నది పక్కనే ఉన్న నామాన్ని పట్టుకుంటుందో, దాన్ని దాటి చివరి నామం దాకా చెయ్యి చాపుతుందో వాక్యం చెప్పదు. ‘ప్రమాదంలో గాయపడిన, డ్రైవరు తమ్ముడు’ అని ఒక్క కామా పెడితే, కొత్త నామపదం ఇక్కడ మొదలైంది, విశేషణం మొత్తం దానికి అని తెలుస్తుంది. ఇక్కడ ఎవరూ ఊపిరి పీల్చుకోరు. ఇంగ్లీషు పాఠంలో నేర్పిన ఏ సూత్రం కిందికీ ఇది రాదు. తెలుగుకు కామా చేయగల నిజమైన పని మాత్రం ఇదే. దీన్ని వదిలేసి, ‘అతను వచ్చి, కూర్చుని, నీళ్ళు తాగి, వెళ్ళిపోయాడు’ అని అక్కర్లేని ప్రతిచోటా కామాలు చల్లుతున్నాం. వచ్చి, కూర్చుని, తాగి అన్న రూపాలే వరసను చెబుతుంటే వాటి నెత్తిన మళ్ళీ కామాలు ఎందుకు?

మన పాతవాళ్ళకు ఈ లోటు తెలుసు. భారతంలో ఒకరి మాట మొదలయ్యే ముందు ‘ఇట్లనియె’ వస్తుంది, ముగిశాక ‘అనిన విని’ వస్తుంది. తెరిచే గుర్తూ మూసే గుర్తూ రెండూ మాటలే. ఉత్తరాల్లో ‘వ్రాయునది ఏమనగా’ అని ఉండేది. ఊళ్ళో కథ చెప్పేవాళ్ళు ఇప్పటికీ ‘అప్పుడు వాడేమన్నాడంటే’ అని ముందుగా తలుపు తీసిన తరువాతే లోపలి మాట వినిపిస్తారు. మా ఇంటి పాత దస్తావేజు ఒకటి విప్పి చూస్తే ఈ సంగతి ఇంకా బాగా తెలుస్తుంది. వ్రాయించి ఇచ్చినవారి పేరు, తండ్రి పేరు, కాపురం ఉండే ఊరు, వ్రాయించుకున్నవారివి అవే వివరాలు, ఆ తరువాత ‘వ్రాయించి ఇచ్చిన శుద్ధ విక్రయ పత్రం ఏమనగా’. అక్కడి నుంచి తూర్పు పడమర హద్దులు, ఇంటి స్థలం అంకణాలు, పైకం అక్షరాలా ఎంతో, స్వాధీనం ఎప్పుడో, అంతా ఒకే వాక్యంగా సాగి రెండో పేజీ చివర చేవ్రాలు దగ్గర ఆగుతుంది. మధ్యలో చుక్క లేదు, కామా లేదు. అయినా ఏ హద్దు ఎక్కడుందో, ఎవరు ఎవరికి ఏమి ఇచ్చారో తేలిగ్గా పోల్చుకోవచ్చు, ఎందుకంటే రాసిన లేఖరి ప్రతి భాగం మొదట్లోనూ ‘సదరు’ అనో, ‘ఇందుకు’ అనో, ‘షెడ్యూలు’ అనో ఒక మేకు కొట్టుకుంటూ పోయాడు. ఇప్పటి గద్యం ‘ఏమనగా’ను పాతవాసన అని వదిలేసింది. అది చేసిన పనిని మాత్రం మరో దానికి అప్పగించలేదు.

పద్యం దగ్గర ఈ ఏర్పాటు ఇంకా గట్టిది. దానికి అద్దంకి శాసనం కన్నా మంచి సాక్ష్యం లేదు. 9వ శతాబ్ది మధ్య నాటిది, వేంగి చాళుక్యుల సేనాని పండరంగనిది, తరువోజ ఛందస్సులో ఉన్న తెలుగు పద్యం. రాతి మీద మాటల మధ్య ఖాళీలు ఉండవు, పంక్తి ఎక్కడ విరగాలో నిర్ణయించేది రాతి వెడల్పే గానీ పద్యం కాదు. అయినా చెవి ఉన్నవాడు నాలుగు పాదాలనూ విడదీయగలడు, ఎలాగంటే ఒకటి ‘పట్టంబు గట్టిన’ అని, రెండవది ‘పట్టంబు గట్టించి’ అని, మూడవది ‘కొట్టముల్’ అని, నాలుగవది ‘కట్టెపు దుర్గంబు’ అని మొదలవుతాయి. రెండో అక్షరం ‘ట్ట’ తగిలిందంటే కొత్త పాదం మొదలైంది. పాదం లోపల కూడా అంతే: పట్టంబు, ప్రథమంబు, బలగర్వ, బైలేచి అని యతి అక్షరం పడ్డ చోటల్లా ఒక భాగం ఆరంభం. ప్రాస, యతి అలంకారాలని బడిలో చెప్పారు. చుక్క పెట్టని కాలంలో అవి పద్యానికి పెట్టిన విరామ చిహ్నాలు. ఇంకా సరిగా చెప్పాలంటే ఆరంభ చిహ్నాలు. గ్రీకువాడు ముక్క చివర చుక్క పెట్టాడు, మనవాడు ముక్క మొదట్లో మోత పెట్టాడు. ఆ పద్యం చివర్లోనే పండరంగడు ‘కణ్డుకూర్బెజవాడ గావించె’ అని ఉంది. కందుకూరును బెజవాడ అంతటిదాన్ని చేశాడని చరిత్రకారులు చెప్పే అర్థం; కందుకూరు వైపువాడిని కనుక ఆ మాట తలుచుకుంటే కొంచెం గర్వంగానే ఉంటుంది.

అదే పద్యంలో మాటల మొదళ్ళు చూడండి. ‘గట్టిన’ అన్నది అసలు కట్టిన, ‘బైలేచి’ అన్నది పై లేచి, ‘గావించె’ అన్నది కావించె. ముందు మాట చివర ఉన్న నకారం, అంటే వ్యాకరణం ద్రుతం అని పిలిచేది, తరువాతి మాట మొదటి అక్షరాన్ని మార్చేసింది. క, చ, ట, త, ప అన్నవి గ, జ, డ, ద, బ అయిపోతాయి. ఇది తెలియనివాడు నిఘంటువులో ‘గావించె’ కోసం వెతుక్కుంటూ ఉండిపోతాడు. తిక్కన గురించి నెల్లూరులో తరతరాలుగా చెప్పుకునే కథకు ఊపిరి ఈ సంధే. తాను ఆగకుండా చెప్పాలి, లేఖకుడు గురునాథుడు ఆగకుండా రాయాలి అన్నది ఒప్పందమట. ఒకచోట పద్యం అందక ‘ఏమి సెప్పుదుం గురునాథా’ అని తిక్కన వాపోతే గురునాథుడు దాన్నీ రాసేశాడట. తీరా చూస్తే అదే పద్యానికి అతికింది. సంజయుడు ధృతరాష్ట్రుణ్ణి ‘కురునాథా’ అని పిలుస్తున్నాడు. ‘సెప్పుదున్’ చివరి నకారం వల్ల అది ‘గురునాథా’ అయింది. కథ జరిగినదా, కట్టినదా అన్నది నాకు ముఖ్యం కాదు. ఇప్పటి అచ్చులో ‘ఏమి చెప్పను, కురునాథా!’ అని కామా పెట్టి, ఆశ్చర్యార్థకం పెట్టి, సంధి విడదీసి రాస్తే ఈ కథ పుట్టనే పుట్టదు.

మొదలు మారిందని పాఠకుణ్ణి హెచ్చరించే గుర్తు ఒకటి మన రాతలో ఉండేది. అది అరసున్న. ‘వానిఁ గని’ అని రాస్తే, గని ముందున్న ఆ సగం సున్న, ఇది గని కాదు కని అని చెబుతుంది. ద్రుతం పోతూ పోతూ వదిలిన ఆనవాలు అది. అరసున్నకు రెండో పని కూడా ఉంది, మాట లోపల ఒకప్పుడు ఉండి కరిగిపోయిన అనునాసికాన్ని, అంటే ముక్కుతో పలికే ధ్వనిని, గుర్తుంచుకోవడం. అద్దంకి రాతి మీద ‘ప్రథమంబు నేణ్డు’ అన్నచోట ‘ఏణ్డు’ అని నిండుగా ఉన్నది తరువాతి రాతలో ‘ఏఁడు’ అయింది, ఇప్పుడు ‘ఏడు’, అంటే సంవత్సరం. అదే పద్యంలో ‘పణ్డ్రెణ్డు’ కూడా ఉంది, దాని సున్న మాత్రం పన్నెండులో ఇవాళ్టికీ నిలిచి ఉంది. హ్రస్వం తరువాత నిండు సున్న బతికింది, దీర్ఘం తరువాత సగమై ఆ సగమూ పోయింది. రెండు, పండు ఒకవైపు, మూఁడు, వీఁడు మరోవైపు. నెల్లూరు పడమటి పల్లెల్లో ‘వాండ్లు వచ్చినారు’ అన్నప్పుడు ‘వాఁడు’లో పోయిన ధ్వని నోట్లో ఇంకా వినబడుతూనే ఉంది. అర్థభేదమూ ఉంది: నాడు అంటే దేశం, నాఁడు అంటే రోజు. పాకనాడు అన్న ప్రాంతం పేరులో ఉన్నది మొదటిది, ఆనాఁడులో ఉన్నది రెండవది.

1858లో వచ్చిన బాలవ్యాకరణంలో చిన్నయసూరి అరసున్నను గ్రాంథిక భాషకు తప్పనిసరి చేశాడు. నోట్లో లేనిదాన్ని చేతితో రాయమనడం పిల్లల ప్రాణం తీయడమేనని వ్యావహారికవాదులు వాదించారు, గిడుగు రామమూర్తి ఆ పోరాటాన్ని ముందుండి నడిపించారు, క్రమంగా బడిపుస్తకాల నుంచి, పత్రికల నుంచి అది వెళ్ళిపోయింది. ఆ తీర్పు సరైనదే అన్నది నా అభిప్రాయం. పలకని ధ్వనికి గుర్తు పెట్టమని ఇవాళ ఒక పిల్లవాడిని శిక్షించడం అన్యాయం. కానీ రాయడం మానేయడం ఒకటి, చదవడం రాకపోవడం మరొకటి. అరసున్నను రాయనక్కరలేదు అన్నప్పుడు అది ఏమి చెబుతుందో నేర్పడం కూడా మానేశాం. డిగ్రీ చదివిన పిల్లలకు సైతం భారత పద్యం తెరిస్తే ఆ సగం సున్నలు ముద్రారాక్షసాల్లా కనబడుతున్నాయి. మొదలు ఎక్కడ మారిందో చెప్పే ఒకే ఒక్క దేశవాళీ గుర్తు అది. దాన్ని తీసేసిన చోటే ముగింపు చెప్పే పరాయి గుర్తులు వచ్చి కూర్చున్నాయి. ఈ బేరంలో మనకు లాభమేమీ కనబడదు.

బండి ఱ సంగతి కూడా ఇటువంటిదే గానీ దాన్ని క్లుప్తంగా చెప్పవచ్చు. చెట్టు వేరు వేరు, తేడా చెప్పే వేఱు వేఱు. ఏరువాకలోని ఏరు ఒకటి, పెన్నేఱు ఒకటి. తడ దాటి పోతే తమిళ బోర్డుల మీద ఈ రెండు రకాల రేఫలూ ఇప్పటికీ విడివిడిగా కనబడతాయి, ఉచ్చారణలో చాలామంది తేడా చూపకపోయినా. మన ఱ ఛందస్సు దగ్గర, నిఘంటువు దగ్గర మాత్రమే మిగిలింది. ఇంకా ముందే పోయిన ఴ అన్న అక్షరం తమిళంలో ఉండిపోయింది. అది మనకు డకారంగా మారడం వల్లనే వాళ్ళ ఏఴు మన ఏడు అయింది, వాళ్ళ చోఴులు నెల్లూరు ఏలినప్పుడు చోడులయ్యారు. కంప్యూటర్లలో అన్ని భాషల అక్షరాలకూ సంకేతాలు ఇచ్చే యూనికోడ్‌లో తెలుగు ఴకు 2014లో చోటు దొరికింది.

అక్షరాల, గుర్తుల పుట్టుక గురించి బొమ్మల కథలు చాలా ప్రచారంలో ఉన్నాయి, వాటిలో నిజమైనవీ ఉన్నాయి. ఇంగ్లీషు అక్షరమాల మొదటి అక్షరం ఫినీషియన్లు ఎద్దు తల నుంచి తెచ్చుకున్నది, దాని పేరు కూడా ఎద్దే, రెండవది ఇల్లు. మన అక్షరాలకు అటువంటి పేర్లు లేవు, ధ్వనే పేరు, నోట్లో పుట్టే చోటే వరస. బ్రాహ్మిలో క కూడిక గుర్తు లాంటి రెండు గీతలు, గ పైన కలిసిన రెండు వాలు గీతలు, ఠ ఒట్టి వృత్తం. గ మీది తలకట్టు తీసి చూస్తే ఆ పాత వాలు ఇప్పటికీ కనబడుతుంది. తాటాకు మీద అడ్డగీత గీస్తే ఆకు చీలుతుంది కాబట్టి తెలుగు అక్షరాలు గుండ్రమయ్యాయని చెప్పే మాటను మాత్రం నేను పూర్తిగా నమ్మను. అదే తాటాకు మీద అదే గంటంతో రాసిన తమిళంలో నిట్టనిలువు, అడ్డు గీతలకు కొదవ లేదు. ప్రశ్నార్థకం, ‘ప్రశ్న’ అని అర్థమున్న లాటిన్ మాటలోని మొదటి, చివరి అక్షరాలను ఒకదానిపై ఒకటి పేర్చగా పుట్టిందన్న కథకు కూడా రాతప్రతుల బలం లేదు. ఆ గుర్తు 8వ శతాబ్ది చివర ఐరోపా రాజు షార్లమేన్ ఆస్థానపు ప్రతుల్లో చుక్క మీద మెలిక తిరిగిన గీతగా కనబడుతుంది, గొంతు లేచే తీరుకు అది సూచన. గ్రీకులు ఇప్పటికీ ప్రశ్నకు మన సెమీకోలన్ ఆకారాన్నే వాడతారు. నాకు నచ్చింది స్పెయిన్‌వాళ్ళ పద్ధతి: పెద్ద ప్రశ్న చదువుతూ చదువుతూ చివరికి వచ్చాక గానీ అది ప్రశ్న అని తెలియకపోవడం బాగాలేదని 1754లో వాళ్ళ రాజ అకాడమీ తలకిందులైన ప్రశ్నార్థకాన్ని వాక్యం మొదట్లో పెట్టమంది. మొదలుకు గుర్తు కావాలన్న ఆలోచన నా ఒక్కడి చాదస్తం కాదని చెప్పడానికి అది చాలు.

మనకు సొంతంగా ఉన్న ముగింపు గుర్తు దండం. పద్యం నడుమ ఒకటి, చివర రెండు. చుక్క వచ్చాక ఆ జంట గీతలు ఇప్పుడు కుదింపుల కొలువులో మిగిలాయి. ఏ శుభలేఖ తీసినా ‘చి॥ల॥సౌ॥’ అని వధువు పేరు ముందు, ‘ఉ॥ 9 గం॥ల 15 ని॥లకు’ అని ముహూర్తం దగ్గర అవే కనబడతాయి. డీటీపీ చేసే కుర్రవాడికి దండం మీట ఎక్కడుందో తెలియదు. ఇంగ్లీషు పెద్ద ఐ అక్షరాన్ని రెండుసార్లు కొట్టేస్తాడు, పెళ్ళివారు ఎవరూ పోల్చుకోరు. యూనికోడ్‌లో దండాలు దేవనాగరి అక్షరాల గుంపులో ఉన్నాయి, తెలుగుతో సహా చాలా భారతీయ లిపులు అక్కడి నుంచే తెచ్చుకోవాలి. దీనికి తోడు విసర్గ తిప్పలు. ‘దు:ఖం’ అని కోలన్‌తో కొట్టినవి వారానికి ఎన్ని దిద్దుతానో చెప్పలేను. బ్రాహ్మి కాలం నుంచి వచ్చిన రెండు చుక్కలూ గ్రీకువాడి అవయవం నుంచి వచ్చిన రెండు చుక్కలూ చూపుకు ఒకటే కావడం కీబోర్డు చేసిన కలయిక. కంటికి తేడా లేదు కదా అంటారు గానీ, కోలన్ దగ్గర మాట విరిగి ‘ఖం’ తరువాతి పంక్తిలోకి జారిపోయినప్పుడు తేడా ఏమిటో తెలుస్తుంది.

ఇవన్నీ ఒక ఎత్తు, ఖాళీ ఒక ఎత్తు. రాతలో మొదలును చూపేవాటిలో అన్నిటికన్నా బలమైనది మాటకూ మాటకూ మధ్య వదిలే జాగా. ఐరోపాలో దాన్ని 7, 8 శతాబ్దాల్లో ఐరిష్ సన్యాసులు స్థిరపరిచారు; లాటిన్ వాళ్ళ ఇంటి భాష కాదు, కలిపి రాస్తే విడదీసుకోవడం వాళ్ళకు కష్టం. మన తాటాకుల్లో ఖాళీ లేదు, అచ్చుతో వచ్చింది, వచ్చి ఇన్నాళ్ళయినా ఎక్కడ వదలాలో నేటికీ ఒప్పందం లేదు. ‘తల పెట్టాడు’ అంటే తల ఎక్కడో పెట్టాడు, ‘తలపెట్టాడు’ అంటే సంకల్పించాడు. ‘బయట పడ్డాడు’ అంటే వీధిలో బోర్లా పడ్డాడు, ‘బయటపడ్డాడు’ అంటే గండం గడిచింది. బావిలో పడిన పిల్లవాడి వార్తకు ఈ రెండింటిలో ఏది రాస్తున్నామన్నది చిన్న సంగతి కాదు. అయినా ఒకే పత్రికలో, ఒకే పేజీలో రెండు రకాలూ కనబడతాయి. కామా ఎక్కడ పెట్టాలని వాదించుకునే వ్యాకరణవేత్తలు ముందుగా చేయవలసింది ఇటువంటి జంటక్రియల పట్టిక; ఏవి కలిపి రాయాలో, ఏవి విడదీయాలో తేల్చి బడిపుస్తకంలో పెడితే ప్రశ్నార్థకం మీద రాసే పాఠం కన్నా ఎక్కువ ఉపయోగం.

పాత పుస్తకాలు ఇప్పుడు కంప్యూటర్లోకి ఎక్కుతున్నాయి కాబట్టి ఈ మొదళ్ళ సమస్య కొత్త రూపంలో ఎదురవుతోంది. 1905లో బట్టర్‌వర్త్, వేణుగోపాల్ శెట్టి మూడు సంపుటాలుగా అచ్చు వేయించిన నెల్లూరు జిల్లా శాసనాల వంటివాటిని యూనికోడ్ తెలుగులోకి మార్చుకున్నామనుకుందాం. ‘ఏడు’ అని వెతికితే ‘ఏఁడు’ దొరకదు, ‘ఏణ్డు’ అసలే దొరకదు; యంత్రానికి అవి మూడు వేరువేరు మాటలు. ‘కురునాథ’ కోసం భారతంలో వెతికితే ‘గురునాథ’గా మారిన చోట్లన్నీ తప్పిపోతాయి. కొందరు దీనికి మందుగా అరసున్నలన్నీ తీసేసి పాఠాన్ని శుభ్రం చేస్తున్నారు, అది ఉన్న తాళంచెవిని నూతిలో పారేయడం. పాఠంలో అరసున్నను అలాగే ఉంచి, వెతికేటప్పుడు మాత్రం దాన్ని లెక్కలోకి తీసుకోకుండా చేయడం కష్టమైన పని కాదు. ఆ తరువాతి మెట్టు కూడా ఎక్కవచ్చు: సున్న గానీ అరసున్న గానీ చివర ఉన్న మాట తరువాత గ, జ, డ, ద, బలతో మొదలయ్యే మాట వస్తే, క, చ, ట, త, పలతో కూడా వెతికి చూడమని యంత్రానికి చెప్పాలి. ఈ అక్షరాల మార్పును చెప్పే సరళాదేశ సూత్రాన్ని పరీక్ష కోసం బట్టీ పట్టిన తెలుగు విద్యార్థీ, ప్రోగ్రాము రాయగల ఇంజనీరూ ఒక బల్ల దగ్గర కూర్చుంటే నడిచే పని ఇది. వాళ్ళకు అక్కరకు వచ్చే మొదటి ఆధారం మాత్రం కాగితం మీద ఉన్న ఆ సగం సున్నే.